నాగజెముడును ముల్లు మొదలు చూసి గుర్తుపట్టడం ఎలా?

ఇచ్ఛాపురం దగ్గరి డొంకూరు నుంచి బారువ, భావనపాడు, కళింగపట్నం మీదుగా పూసపాటిరేగ మండలంలోని కోనాడ, చింతపల్లి, భోగాపురం మండలంలోని ముక్కాం వరకు సముద్రం పక్కన ఏ ఊరి ఇసుక దిబ్బల్లో నడిచినా, ముళ్లతో, కండగల కాడలతో, ఎండకు వాడకుండా నిలబడే మొక్క ఏదో ఒకటి కనిపిస్తుంది. దాని పేరు అడిగితే వచ్చే జవాబులో జెముడు అన్న మాట దాదాపు తప్పకుండా ఉంటుంది. చిక్కు అక్కడే మొదలవుతుంది. నాగజెముడు, బొమ్మజెముడు, ఆకుజెముడు, కాడజెముడు అన్న పేర్లు వింటే నలుగురు అన్నదమ్ముల్లా అనిపిస్తాయి గానీ, వీటిలో మొదటిది అమెరికా ఖండాల నుంచి వచ్చిన కాక్టేసి కుటుంబపు మొక్క, మిగిలిన మూడూ యుఫోర్బియేసి కుటుంబానికి చెందినవి. అంటే నాగజెముడుకు బొమ్మజెముడు కంటే గంగబాయల కూరే దగ్గరి చుట్టం, బొమ్మజెముడుకేమో ఆముదం మొక్క దగ్గరి చుట్టం. నీరు దొరకని చోట బతకడానికి కాడలో నీరు దాచుకోవడం, పగలు రంధ్రాలు మూసుకుని రాత్రి చల్లబడ్డాక తెరిచి గాలి పీల్చడం రెండు కుటుంబాలూ విడివిడిగా అలవరచుకున్నాయి కనుక, పైపై రూపంలో పోలిక కుదిరింది. అందువల్ల పేరును గానీ, మొత్తం ఆకారాన్ని గానీ నమ్ముకోకుండా, ముల్లు మొలిచిన చోటును చూసి నిర్ణయించడం ఎలాగో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా వెంట తీసుకెళ్లవలసినవి. సెంటీమీటర్ల స్కేలు, పది రెట్లు పెద్దదిగా చూపే చేతి భూతద్దం, ఒక పట్టకారు, వెడల్పైన అంటుకునే టేపు, పదునైన చాకు, నోటు పుస్తకం, ఫోన్ కెమెరా ఉంటే సరిపోతుంది. గుడ్డ చేతి తొడుగులు వేసుకుని నాగజెముడును పట్టుకోవద్దు; దాని సన్నని నూగు ముళ్లు గుడ్డలో దిగబడి, తర్వాత ఆ తొడుగును తాకిన ప్రతిసారీ చేతికి గుచ్చుకుంటూనే ఉంటాయి. ఈ సంగతి నాకు ఒక తువ్వాలు నేర్పింది. పండు తుడిచిన ఆ తువ్వాలుతోనే మొహం తుడుచుకున్నాను, ఆ సాయంత్రమంతా అద్దం ముందు టేపు ముక్కలతో గడిచిపోయింది. పలకను చేత్తో కాకుండా, పట్టకారుతోనో, మడిచిన మందపాటి అట్టముక్కతోనో పట్టుకోవడం మేలు. ఉదయం తొమ్మిది గంటల తర్వాత వెళ్లండి. అప్పటికి పువ్వులు పూర్తిగా విచ్చుకుని ఉంటాయి. జనవరి నుంచి మార్చి వరకు మన తీరంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఇసుకలో గుడ్లు పెట్టే కాలం కూడా కనుక, ఆ నెలల్లో చీకటిపడ్డాక టార్చిలైట్లతో దిబ్బల మీద తిరగకండి.

ఇక ఎక్కడ వెతకాలి? అల తాకే గీత నుంచి ఊరివైపు నడుస్తూ పోతే మొక్కలు వరుసలు మారుతాయి. మొదట ఇసుకను అల్లుకున్న బాలబంద తీగ, దాని వెంట గుండ్రటి ముళ్ల బంతులతో రావణాసురుడి మీసాలు, ఆ తర్వాత మొగలి పొదలు, సరుగుడు తోటలు, ఇంకా లోపలికి జీడిమామిడి, కొబ్బరి తోటలు వస్తాయి. నాగజెముడు మొదటి వరుసలో అరుదు. కదిలే ఇసుకలో అది నిలదొక్కుకోలేదు. కాస్త స్థిరపడిన దిబ్బల వెనుక వాలులోనూ, సరుగుడు తోటల అంచుల్లోనూ, పాత కంచెల వెంట, బండి దారుల పక్కన, పాడుబడిన గోడల మొదళ్లలోనూ వెతకండి. నౌపడా ఉప్పు మళ్ల వైపు, ఏటి మొగల దగ్గరి బురద నేలల్లో కండగల ఆకులతో నేలబారుగా పాకే వంగరెడ్డి కూర, ఇలకూర కనిపిస్తాయి గానీ, అవి ముళ్లు లేని వేరే మొక్కలు, మనకు ఇక్కడ పనిలేదు.

మొక్క దొరికాక మొట్టమొదటి పరీక్ష పాలు. చేయి చాచినంత దూరంలో నిలబడి, గాలి మీ మొహం వైపు వీచకుండా చూసుకుని, చాకు మొనతో కాడ మీద చిన్న గాటు పెట్టండి. తెల్లని చిక్కటి పాలు వెంటనే ఉబికివస్తే అది నాగజెముడు కాదు. అక్కడితో ఆగి, చాకును శుభ్రంగా తుడవండి. జెముడు పాలు చర్మాన్ని మండిస్తాయి, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. పొరపాటున పడితే మంచినీళ్లతో చాలాసేపు కడిగి, ఆలస్యం చేయకుండా కంటి వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. గాటులో పాలు రాకుండా, బెండకాయ కోసినప్పుడు వచ్చే జిగురులాంటి, రంగులేని బంక మాత్రమే ఊరితే ముందుకు వెళ్లవచ్చు. చాలామంది ఈ పరీక్షను చివరికి వాయిదా వేస్తారు, నా లెక్కలో ఇదే మొదటిది, ఎందుకంటే దీనితో జెముళ్లలో ముప్పాతికవంతు అయోమయం ఒక్క గాటుతో తీరిపోతుంది.

పాలు వచ్చిన వాటిని కూడా పేరు పెట్టి పక్కన పెట్టడం మంచి అలవాటు. కాడ మూడు పలకలుగా, అంచులు వంపులు తిరిగి, ఆ అంచుల మీద ముళ్లు జంటలు జంటలుగా ఉంటే బొమ్మజెముడు. కాడ కాస్త గుండ్రంగా ఉండి, కొమ్మల చివర్లలో మందపాటి పెద్ద ఆకులు గుత్తిగా ఉంటే ఆకుజెముడు. పెన్సిలంత సన్నని ఆకుపచ్చ కాడలు, ముళ్లు లేకుండా చీపురులా గుబురుకట్టి ఉంటే కాడజెముడు. అది ఆఫ్రికా నుంచి వచ్చి కంచెగా స్థిరపడిన మొక్క. పాలు రాకపోయినా, నేల నుంచి నేరుగా కత్తుల్లాంటి పొడవాటి ఆకులు చుట్టూ విచ్చుకుని, ప్రతి ఆకు మొనకూ నల్లటి ముల్లు ఉంటే కిత్తనార. ఆకును చీలిస్తే నార పోగులు బయటపడతాయి, కలబందలోలాగా పారదర్శకమైన గుజ్జు పలక రాదు. కిత్తనార రసం కూడా చర్మానికి దురద తెస్తుంది. దాన్ని కలబంద అనుకుని మొహానికి రాసుకోవడం మాత్రం ఎవరూ చేయకూడదు.

పాల పరీక్ష దాటిన తర్వాత అసలు పని. కండగల ఆ పచ్చటి పలకను మనం వాడుకలో ఆకు అంటాం గానీ అది కాండమే. ఇంటర్మీడియట్ వృక్షశాస్త్ర పుస్తకాల్లో దీన్ని పత్రాభ కాండం అంటారు. ఆ పలక మీద ఏటవాలు వరుసల్లో, దాదాపు సమాన దూరంలో, చిన్న చిన్న మెత్తటి గుంటలు కనిపిస్తాయి. వీటిని ఏరియోల్స్ అంటారు. కాక్టస్ కుటుంబానికి ఆనవాలు ఈ గుంటే. ఒక్కో గుంట నిజానికి బాగా కుదించుకుపోయిన ఒక కొమ్మ మొగ్గ. ముల్లు దాని నుంచే వస్తుంది, పువ్వు దాని నుంచే వస్తుంది, కొత్త పలకా దాని నుంచే వస్తుంది. బొమ్మజెముడులో ఇలాంటి గుంట ఉండదు. అక్కడ ముళ్ల జంట కాడ అంచు మీది గట్టి బుడిపె నుంచి నేరుగా మొలుస్తుంది.

భూతద్దాన్ని ఒక గుంటకు దగ్గరగా పెట్టి చూడండి. రెండు రకాల ముళ్లు ఒకేచోట ఉండాలి. ఒకటి, దూరం నుంచే కనిపించే పెద్ద ముళ్లు. రెండోది, గుంట పై అంచున పసుపు పచ్చటి కుచ్చులా కనిపించే, వెంట్రుక కంటే సన్నని నూగు ముళ్లు. ఈ రెండోవాటిని గ్లోకిడ్లు అంటారు. వాటి ఒంటి మీద వెనక్కి తిరిగిన కొక్కేలు ఉండటం వల్ల చర్మంలో దిగాక బయటకు రానీయవు. పెద్ద ముల్లు గుచ్చుకుంటే నొప్పి తెలిసి చేయి వెనక్కి తీసుకుంటాం, నూగు ముల్లు గుచ్చుకున్నది గంట తర్వాత గానీ తెలియదు. చర్మంలో దిగినవాటిని టేపు అంటించి లాగి తీయాలి, మిగిలినవాటిని వెలుతురులో పట్టకారుతో ఒక్కొక్కటిగా తీయాలి. నోటితో పీకే ప్రయత్నం చేస్తే అవి పెదవులకు, నాలుకకు మారతాయి. నూగు ముళ్లు ఉన్నాయంటే, మీ ముందున్నది నాగజెముడు ఉండే ఓపన్షియా తెగకు చెందినదే. కోణాల స్తంభంలా నిటారుగా పెరిగే, కొందరు బ్రహ్మజెముడు అని పిలిచే సీరియస్ (Cereus) కాక్టస్‌లో గుంటలూ, పెద్ద ముళ్లూ ఉంటాయి గానీ ఈ నూగు ఉండదు.

అదే మొక్క కొనలో లేత పలక దొరికితే, దాని మీద మరొక వింత చూడవచ్చు. ప్రతి గుంట కింద అర సెంటీమీటరు పొడవున, మొన తేలిన చిన్న పచ్చటి కొమ్ములాంటిది ఉంటుంది. అదే నాగజెముడు అసలు ఆకు. కొద్దిరోజుల్లోనే రాలిపోతుంది కాబట్టి ముదురు పలక మీద వెతికితే దొరకదు.

ఇక్కడివరకు వచ్చినవాళ్లలో చాలామంది నాగజెముడు అని రాసేసుకుని వెళ్లిపోతారు. మన తీరానికి ఆ పేరు సరిపోవచ్చు గానీ, శాస్త్రీయంగా ఓపన్షియాలో ఏ జాతి అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. దానికి ముళ్లను లెక్కపెట్టాలి, రంగు చూడాలి, ముల్లు ఒంటిని వేళ్ల మధ్య కాకుండా పట్టకారుతో తిప్పి గుండ్రంగా ఉందో, చదునుగా ఉందో చూడాలి. కోరమండల్ తీరంలో ఎక్కువగా స్థిరపడినది ఓపన్షియా డిల్లేనై. మొక్క నేల నుంచే కొమ్మలు వేసి మీటరు, రెండు మీటర్ల ఎత్తు పొదగా విస్తరిస్తుంది. దీని పలక కిందికి సన్నబడి, పైన వెడల్పుగా, కోడిగుడ్డును తలకిందులు చేసినట్టు ఉంటుంది. రంగు కాస్త నీలిఛాయ కలిసిన మసక ఆకుపచ్చ. గుంటలు ఒకదానికొకటి రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో ఉంటాయి. చాలా గుంటల్లో మూడు నుంచి పది వరకు ముళ్లు, పసుపు రంగులో, చదునుగా, కొంచెం వంపు తిరిగి, నలువైపులా విచ్చుకుని ఉంటాయి. ముదిరిన ముళ్ల మీద గోధుమరంగు పట్టీలు రావచ్చు. పసుపు రంగు, చదును, వంపు అన్న మూడు గుణాలూ ఒకే ముల్లులో కలిస్తే నేను పెద్దగా సందేహించను.

అయినా మూడు, నాలుగు గుంటలు చూసి లెక్క ముగించకండి. నీడలో పెరిగిన పలకకూ, ఎండలో పెరిగిన పలకకూ ముళ్ల సంఖ్యలో చాలా తేడా ఉంటుంది. ఒకే పొదలో కనీసం మూడు ముదురు పలకలు ఎంచుకుని, ఒక్కోదాని మధ్య భాగంలో పది గుంటల చొప్పున లెక్కించి, తక్కువ నుంచి ఎక్కువ వరకు రాసుకుంటే ఆ అంకెకు విలువ ఉంటుంది. ముళ్లు దాదాపు లేకుండా, ఎక్కడో ఒక గుంటలో ఒకటి రెండు మాత్రమే ఉంటే అది ఓపన్షియా స్ట్రిక్టా అసలు రూపం కావచ్చు. డిల్లేనైని కొందరు వృక్షశాస్త్రజ్ఞులు ప్రత్యేక జాతిగానూ, మరికొందరు స్ట్రిక్టాలోనే ఒక రకంగానూ లెక్కిస్తారు కనుక, పుస్తకాల్లో రెండు పేర్లు కనిపిస్తే కంగారుపడనక్కరలేదు.

డిల్లేనైతో పొరబడే జాతులు ప్రధానంగా రెండు. ఓపన్షియా మోనకాంథాకు మొద్దులాంటి కాండం ఏర్పడి చిన్న చెట్టులా ఎదుగుతుంది. పలకలు పలుచగా, నిగనిగలాడే పచ్చగా ఉంటాయి, ఒక్కో గుంటలో ఒకటి రెండు నిటారు ముళ్లు బూడిదరంగులో మొన నల్లబడి ఉంటాయి. రెండోది ఓపన్షియా ఎలేషియర్. దాని ముళ్లు సూదుల్లా గుండ్రంగా, ముదురు గోధుమరంగులో ఉంటాయి. పువ్వు దొరికితే ఈ రెండోదాన్ని తేల్చడం ఇంకా తేలిక. పువ్వును విప్పి కేసరాల కాడలు చూడండి: ఎలేషియర్‌లో అవి గులాబీ నుంచి ఎరుపు వరకు ఉంటాయి, డిల్లేనైలో లేత ఆకుపచ్చగానో, పసుపుగానో ఉంటాయి. రేకుల రంగు మీద మాత్రం ఆధారపడవద్దు, ఎందుకంటే డిల్లేనై పువ్వు విచ్చినప్పుడు నిమ్మపండు పసుపులో ఉండి, వాడే వేళకు నారింజ ఛాయకు తిరుగుతుంది. అలా వాడిన పువ్వును చూసి వేరే జాతి అని రాసినవాళ్లలో నేనూ ఒకణ్ని. పెరళ్లలో, నర్సరీల్లో కనిపించే, ముళ్లు లేని పొడవాటి పెద్ద పలకల రకం ఓపన్షియా ఫైకస్-ఇండికా. దాన్ని పెంచుతారు, దిబ్బల్లో దొరికే మొక్కతో దానికి పోలిక తక్కువ.

పండు కూడా చూడండి. డిల్లేనై పండు ముదురు వంగరంగుకు తిరిగి, బొంగరంలా కిందికి సన్నబడి, తల మీద పువ్వు రాలిన చోట గిన్నెలా లోపలికి దిగి ఉంటుంది. పొడవు నాలుగు నుంచి ఆరు సెంటీమీటర్లు. పండు తొక్క మీదా అవే గుంటలు, అవే నూగు ముళ్లు ఉంటాయి, కారణం ఏమిటంటే అండాశయం కాండంలోకి దిగబడి ఉండటం వల్ల ఆ తొక్క నిజానికి కాండపు కండే. అందుకే నేల రాలిన పండు నుంచి ఒక్కోసారి గింజ మొలవడానికి ముందే తొక్క మీది గుంట చిగురు వేయగలదు. కోస్తే రక్తంలాంటి రసం, మధ్యలో చదునైన గట్టి గింజలు. చిన్నప్పుడు ఆ రసంతో పెదవులు ఎర్రగా చేసుకుని తిరిగిన పిల్లలు మా ఊళ్లోనూ ఉన్నారు. తినే పండే అయినా, నూగును ఇసుకలో దొర్లించి రాల్చి, మంట మీద చూపి కాల్చిన తర్వాత, అదీ మొక్కను కచ్చితంగా గుర్తించిన తర్వాతే నోట పెట్టాలి.

పలకల మీద తెల్లటి దూది ఉండల్లాంటివి అంటుకుని ఉంటే, బూజు అనుకుని వదిలేయకండి. పుల్లతో ఒక ఉండను తెల్ల కాగితం మీద నలపండి. కాగితం మీద చిక్కటి ఎరుపు పడితే అది కోచినీల్ పురుగు. ఈ పురుగుకూ, మన దేశంలో నాగజెముళ్ల చరిత్రకూ విడదీయరాని సంబంధం ఉంది. ఎర్ర రంగు వ్యాపారం కోసం 1795లో బ్రెజిల్ నుంచి కలకత్తాకు కోచినీల్‌ను తెప్పించారు. వచ్చింది రంగు బాగా ఇచ్చే పెంపుడు పురుగు కాదు, డాక్టిలోపియస్ సిలోనికస్ అనే అడవి రకం. రంగు వ్యాపారం సాగలేదు గానీ, ఆ పురుగు దేశమంతా పాకి ఉన్న మోనకాంథాను తినేసింది. కలుపు మొక్కను పురుగుతో అణచివేయడంలో ప్రపంచంలో మొదటి ఉదాహరణగా దీన్నే చెబుతారు. డిల్లేనైని మాత్రం ఆ పురుగు ముట్టలేదు. దాని కోసం 1926లో శ్రీలంక నుంచి డాక్టిలోపియస్ ఓపన్షియే అనే మరో రకాన్ని దక్షిణ భారతానికి తెచ్చి వదిలారు. కాబట్టి ఈ రోజు మోనకాంథా అరుదుగానూ, డిల్లేనై పెద్ద అడవుల్లా కాకుండా అక్కడక్కడా గుంపులుగానూ కనిపించడం వెనుక ఈ రెండు పురుగుల పని ఉంది. ఈ మొక్కలు అప్పటికే ఎంతగా ఇక్కడివై పోయాయంటే, సామర్లకోటలో ఉండి తెలుగు నేల మొక్కలను వర్ణించిన విలియం రాక్స్‌బర్గ్ ఒక నాగజెముడుకు కాక్టస్ ఇండికస్ అని, అంటే భారతీయ కాక్టస్ అని పేరు పెట్టారు.

ఆ పేరు చివరి ప్రశ్నను మన ముందుంచుతుంది: మీరు చూసిన మొక్క నాటినదా, తనంతట తానే స్థిరపడినదా? ఒక పొదను చూసి ఇది చెప్పలేం, చుట్టూ తిరగాలి. మొక్కలు ఒకే వయసులో, వరుసగా, తోట గట్టు వెంటే ఉంటే ఎవరో కంచెగా నాటినవి. కంచెకు యాభై, వంద అడుగుల దూరంలో, ఎవరూ నాటడానికి కారణం లేని చోట, చిన్నా పెద్దా అన్ని వయసులవీ చెల్లాచెదురుగా ఉంటే అది స్వయంగా వ్యాపిస్తోంది. పక్షులు వాలే తాటిచెట్లు, సరుగుడు కొమ్మల కింద నేలను జాగ్రత్తగా వెతకండి. పండు తిన్న పక్షి రెట్టలో పడిన గింజ నుంచి వచ్చిన మొలకకు మొదట రెండు మెత్తటి బీజదళాలు, వాటి మధ్య నుంచి ముళ్ల కుచ్చుతో చిన్న పచ్చటి వేలులాంటి కాడ ఉంటాయి. విరిగిన పలక వేరూనినదైతే బీజదళాలు ఉండవు, పాత పలక ఎండిన అంచు ఇసుకలో సగం పూడి కనిపిస్తుంది. తుపాను గాలులకు పలకలు విరిగి ఇసుకలో పడితే ఇలాంటివి ఎక్కువవుతాయి కనుక, 2018 అక్టోబరు నాటి తిత్లీ లాంటి తుపానులు చూసిన ఉద్దానం తీరంలో ఈ తేడా గమనించడం ముఖ్యం. గింజ మొలకలు దొరికితేనే మొక్క ఇక్కడి నేలలో పూర్తిగా స్థిరపడిందని నమ్మకంగా రాయవచ్చు.

రాసుకోవడానికి, ఫొటోలకు ఒక వరుస పెట్టుకోండి: మొత్తం మొక్క, దాని మొదలు, స్కేలు పక్కన పెట్టిన ఒక ముదురు పలక, ఒకే ఒక గుంట దగ్గరగా, పువ్వు పై నుంచి, పువ్వు నిలువుకోత, పండు, పండు నిలువుకోత. ఐనాచురలిస్ట్ వంటి యాప్‌లు మొత్తం మొక్క ఫొటో ఒక్కటే ఇస్తే సాధారణంగా ఓపన్షియా అన్న చోటే ఆగిపోతాయి. గుంట ఫొటో, కేసరాల ఫొటో జతచేస్తే చూసేవాళ్లు జాతి వరకు చెప్పగలుగుతారు. ఊరిపేరు, తేదీ, సముద్రం నుంచి సుమారు దూరం, నేల ఇసుకా, బురదా, గట్టా అన్నది, దగ్గర్లో ఏ తోట ఉందో తప్పక రాయండి. కళాశాల వృక్షశాస్త్ర విభాగానికి నమూనా ఇవ్వదలిస్తే పలకను యథాతథంగా కాగితాల మధ్య పెట్టవద్దు. అది నెలల తరబడి బతికే ఉండి, కాగితాల మధ్యనే చిగురు వేస్తుంది. పలకను పక్క నుంచి రెండు పొరలుగా చీల్చి, లోపలి గుజ్జును చెంచాతో గీకి తీసి, మరిగే నీటిలో ఒకసారి ముంచి, తర్వాత పాత వార్తాపత్రికల మధ్య పెట్టి, మొదటి వారం రోజూ కాగితాలు మారుస్తూ ఎండబెట్టండి. పువ్వును చీల్చి విడిగా ఎండబెట్టాలి, లేకపోతే నల్లబడి కేసరాల రంగు పోతుంది. ఆ రంగును పొలంలోనే నోటు పుస్తకంలో రాసుకోవడం అందుకే. కోసి మిగిలిన ముక్కలను దిబ్బ మీద పారేయకుండా సంచిలో వేసుకుని వచ్చి, పూర్తిగా ఎండాక కాల్చేయండి, ఎందుకంటే ఇసుకలో పడిన ఒక్క ముక్క చాలు, వచ్చే ఏడాది అక్కడ మరో పొద లేవడానికి.